రాణిచీమ: గుఱుతింపు, పోషణము

చీమల సంఘములో గ్రుడ్లు పెట్టుటకై ప్రత్యేకాకృతితో జనించి, యౌవనమున ఒక్కమాఱు గాలిలోని కెగిరి మగచీమతో సంగమించి, పిమ్మట రెక్కలను తానే విఱిచివైచుకొని, నేలలోనో కొయ్యలోనో ఆకుల మడతలోనో క్రొత్త సంఘమునకు పునాది వేయు ఆడుచీమను రాణి యందురు. ఇట్టిది యొకటి వాన వెలిసిన సాయంకాలమున వీథిదీపము క్రిందనో వాకిటి బండమీదనో చేతికి చిక్కినపుడు, అది నిజముగా రాణియేనా, ఏ జాతిది, దానిని బ్రదికించుట యెట్లు అను మూడు ప్రశ్నలు వరుసగా పుట్టును. వీనిలో మూడవదానికి ఉత్తరము మొదటి రెండింటిలోనే యున్నది. జాతి తెలియక చేసిన ఉపచారము అపచారమగుట చీమలను పెంచువారు తఱచుగా ఎఱిగిన విషయమే. ఒక జాతి రాణికి తొలిదినములలో ఆహారమిడుట కీడు, వేఱొక జాతి రాణికి ఆహారమిడకుండుట మరణము. ఈ రెండు తెగల చీమలును హోసూరు, అత్తిముగము మున్నగు గ్రామములు గల పీఠభూమిపై ఒకే నేలలో నివసించుచున్నవి గనుక, విషయమును ఆ నేలనుబట్టి చెప్పుట సుకరము.

అత్తిముగము హోసూరు చెంతనున్న పురాతన గ్రామము. ఐరావతేశ్వరుని ఆలయముచే పేరుగన్నది. తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీథిలో వినవచ్చు ఈ సీమ, 2004లో ధర్మపురి జిల్లానుండి విడివడి యేర్పడిన కృష్ణగిరి జిల్లాలోనిది. హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నుండుటచే ఎండ తీవ్రత తక్కువ, మార్గశిర పుష్యమాసముల రాత్రులలో చలి యెక్కువ. ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, రాగిచేలు, మామిడితోపులు, చింతచెట్లు, ఇటీవల విస్తరించిన గులాబితోటలు ఇచ్చటి చీమలకు నివాసములు. వేసవి చివర ఉఱుములతో గూడిన జల్లులును, భాద్రపద ఆశ్వయుజములలో పెద్దవానలును కురియును. చీమల పెండ్లిండ్లు సాధారణముగా ఇట్టి అదనులనే అనుసరించును.

సంఘము బాగుగా పెరిగి బలపడిన పిదప, దానిలో రెక్కలుగల ఆడుచీమలును మగచీమలును పుట్టి, తగిన వాతావరణమునకై గూటిలోపలనే వారములకొలది వేచియుండును. వాన వెలిసి, నేల మెత్తబడి, గాలి నిలిచి, ఉక్కపోయుచున్న పూట పనిచీమలు ద్వారమును వెడల్పుచేసి చుట్టును కాపుండగా, రెక్కల చీమలు గుంపులుగా వెలికివచ్చి, గడ్డిపోచల కొసలకెక్కి ఎగిరిపోవును. ఒకే జాతికి చెందిన అనేక సంఘములు ఆ యూరంతట ఒకే పూట ఎగురుటచే, వేర్వేఱు గూళ్ళ ఆడుమగలకు కలయిక సిద్ధించుచున్నది. మగచీమ ఆ పని తీఱిన కొద్దికాలమునకే నశించును. ఆడుచీమ తాను పొందిన శుక్రమును ఉదరములోని చిన్న తిత్తిలో దాచుకొని, జీవితాంతము దానినే పొదుపుగా వాడుకొనును. శుక్రము సోకిన గ్రుడ్లనుండి ఆడువి, అనగా పనిచీమలును కాబోవు రాణులును, సోకని గ్రుడ్లనుండి మగవియు పుట్టును. అందుచే సంగమము జరుగకయే పట్టువడిన రాణి గ్రుడ్లు పెట్టినను, ఆ గ్రుడ్లు పొదిగినను, వానివలన పనిచీమ యొక్కటియు పుట్టదు. పెంచువాని శ్రమ వృథా యగును.

నేలకు దిగిన రాణి రెక్కలు వదలుకొను తీరు దగ్గఱనుండి చూడదగినది. పరుగు చాలించి ఒకచోట నిలిచి, నడిమికాళ్ళను వెనుకకాళ్ళను రెక్కలపైకి తెచ్చి, ముందునకును క్రిందికిని అదిమి త్రోయును. రెక్క మొదట పుట్టుకతోనే యేర్పడియున్న బలహీనరేఖ వెంబడి రెక్క తెగి పడును. ఒక్కొక్కప్పుడు మూడు రాలి నాలుగవది వ్రేలాడుచుండగనే దారిపట్టును. రెక్కలు లేని రాణి సంగమము ముగిసినదని పెక్కుర నమ్మకము. ఇది ప్రాయికముగా నిజమే గాని నియమము కాదు. చిక్కుపడిన భయముచేతనో తడిచేతనో కన్యగానే రెక్కలు రాల్చుకొనునవియు కలవు. రెక్కలు వీడకయే గ్రుడ్లు పెట్టి సంఘము నిలిపిన రాణులును కలవు. కావున రెక్కల నాధారముగా గొని తొందరపడి నిర్ణయింపరాదు. తొలి పనిచీమ కన్నులబడునంతవఱకు వేచియుండుట తప్ప బయటినుండి తెలిసికొను మార్గము లేదు.

లక్షణములు

రాణిని పనిచీమనుండి వేఱుపఱచునది దేహపరిమాణము కాదు, వక్షము. పనిచీమకు ఎగురవలసిన పని లేదు గనుక దాని వక్షము సన్నమై, పైఫలకములు ఒకదానితో నొకటి అతుకుకొని, నడకకు తగినట్టు సరళముగ నుండును. రాణి వక్షములోపల రెక్కలను ఆడించు పెద్దకండరములుండును. అందుచే అది ఎత్తుగా ఉబ్బి, పైనుండి చూచినపుడు కవచపు ముక్కలు అతికినట్టు విడివిడి ఫలకములుగ కనబడును. ఇరుప్రక్కల రెక్కలైన నుండును, లేదా రెక్కలూడిన మచ్చలైన నుండును. నుదుటిపై త్రికోణముగ నమరిన మూడు చిన్న సరళనేత్రములు చాలజాతుల రాణులలో స్పష్టము. ఉదరము పెద్దది. పదిరెట్లు పెంచి చూపు భూతద్దముతో ఈ లక్షణములన్నియు నిమిషములో పరీక్షింపవచ్చును.

పొరపాటు ఎక్కువగా జరుగునది గండుచీమల విషయమున. ఈ జాతిలో పనిచీమలు ఒకే పరిమాణమున నుండవు. చిన్నవానికిని పెద్దవానికిని నిడివిలో రెట్టింపు తేడా యుండును, పెద్దవాని తల హృదయాకారమున విశాలమై భయము గొలుపును. దానిని చూచి రాణి యని సీసాలో వేసికొని పోవువారు పలువురు. పెద్దతలకు వెనుక సన్నని వక్షమున్నచో అది పనిచీమ; తలకు సాటివచ్చునంత బలసిన వక్షమున్నచో రాణి. గండుచీమ రాణి నిడివి సుమారు 16 నుండి 18 మిల్లీమీటర్లు.

మగచీమను గుఱుతించుట సులభము. దాని తల చిన్నది, కన్నులు పెద్దవి, దవడలు బలహీనములు, మీసములు నిటారుగా సన్నముగా నుండును; చూచుటకు చీమకన్న చిన్న కందిరీగను పోలియుండును. దానిని పెంచి ప్రయోజనము లేదు.

వానకాలమున దీపములకు మూగు ఉసిళ్ళను రెక్కల చీమలుగ భ్రమించుట సర్వసామాన్యము. దక్షిణదేశపు పల్లెలలో వేయించుకొని తిను ఆ ఉసిళ్ళు చీమలే కావు. అవి చెదపురుగుల రెక్కల దశ, బొద్దింకల బంధువులు. ఉసిలికి నాలుగు రెక్కలును ఒకే నిడివి, నడుము మొద్దు, మీసము పూసలు గ్రుచ్చినట్టు తిన్నగా నుండును. చీమకు ముందురెక్కలు పొడవు, వెనుకవి పొట్టి, నడుము సన్నము, ఆడుదాని మీసము మోచేయివలె వంగియుండును. (మనము పాలుపోసి మ్రొక్కు పుట్టయు చెదల కట్టడమే, చీమలకు ఆ కీర్తి ఊరక దక్కినది.) మఱియొక భ్రాంతి కారకము డోరైలస్ అను భూగర్భచరమగు చీమ. దాని మగది అంగుళమునకు సమీపించు గోధుమవన్నె దేహముతో, లావైన పొడవుపొట్టతో, రాత్రి దీపముచుట్టు బరువుగా తిరుగుచుండును. ఇంత పెద్దది రాణి కాక మఱేమగునని చూచినవారు తలతురు. ఆ జాతి రాణికి రెక్కలే పుట్టవు. నేలక్రిందినుండి పైకి రానే రాదు. దాని సంఘము రెండుగా చీలి వృద్ధిచెందును గాని ఒంటి రాణివలన కాదు. ఇక నేలపై పరుగిడు రెక్కలులేని ఎఱ్ఱని నూగుపురుగు చీమ కాదు, కందిరీగలలో ఒక కుటుంబమునకు చెందిన ఆడుది. దాని కుట్టు మిక్కిలి బాధాకరము గనుక వ్రేళ్ళతో ముట్టరాదు.

అసలు రాణియే లేని చీమలును మన నేలలో కలవు. డయాకమ్మ యను ప్రజాతిలో, ద్వారముచుట్టు పక్షియీకలు పేర్చుకొను దక్షిణదేశపు నల్లచీమతో సహా, రాణి రూపమే లుప్తమైనది. పనిచీమలలో ఒకటి, వక్షముపైనుండు చిన్న మొగ్గలవంటి అవయవములను నిలుపుకొని, తక్కినవాని మొగ్గలను కొఱికివైచి, తానే సంగమించి గ్రుడ్లు పెట్టును. వీని గూళ్ళలో రాణికై వెదకుట నిష్ఫలము.

చారిత్రకము

తేనెటీగల రాజని ఐరోపావారు చిరకాలము తలచిన పెద్ద యీగ నిజమునకు తల్లియని 17వ శతాబ్దిలో స్వామ్మర్‌డామ్ దేహచ్ఛేదనముచే నిరూపించెను. చీమలలో ఎగిరిన పిమ్మట రాణులు రెక్కలు రాల్చి సంఘములు స్థాపించుటను విలియం గౌల్డ్ 1747లో ఇంగ్లండు చీమలను గూర్చిన గ్రంథమున వర్ణించెను. మన గండుచీమకు శాస్త్రనామకరణము చేసినది ఫాబ్రిషియస్, 1787లో. అది నేడు కాంపోనోటస్ కంప్రెసస్ అని వ్యవహృతము. దక్షిణభారతపు చీమలను ప్రత్యేకముగ పరిశీలించినవారిలో తెలుగువారు తలచుకొనదగినవాడు థామస్ కేవర్‌హిల్ జెర్డాన్. నెల్లూరులో ప్రభుత్వవైద్యుడుగ నుండి, పక్షులను పాములను శోధించిన ఈ వైద్యుడు 1851లో మదరాసు సాహిత్య విజ్ఞాన పత్రికయందు దక్షిణభారతపు చీమల పట్టికను ప్రకటించెను. గెంతుచు వేటాడు చీమను హార్పెగ్నాథస్ సాల్టేటర్ అను జాతిగ లోకమునకు తెలిపినది ఆ పట్టికయే. పిదప బింగ్‌హామ్ 1903లో బ్రిటిషు ఇండియా జంతుజాల గ్రంథమాలయందు చీమలకొక సంపుటమును సమకూర్చెను. నేటి పాఠకునకు అజయ్ నరేంద్ర, సునీల్ కుమార్ 2006లో ప్రకటించిన ద్వీపకల్పభారతపు చీమల కరదీపిక మిక్కిలి ఉపయుక్తము. రాణులకన్న పనిచీమలనే అది ఎక్కువగా వర్ణించినను ప్రజాతినిర్ణయమున కది చాలును.

చీమలను రాణితో సహా ఇంట పెంచి ఏండ్లతరబడి లెక్కలు వ్రాసిన తొలివారిలో ఆంగ్లేయుడగు జాన్ లబ్బక్ ముఖ్యుడు. గాజుపలకల నడుమ పలుచని మట్టిపొరయందు చీమలను నిలిపి, 1874లో పట్టిన ఒక రాణిని 1888 వఱకు బ్రదికించెను. ఐరోపాలో మఱియొక తోటచీమ రాణి 28 సంవత్సరములకు పైగా జీవించినట్లు నమోదైనది. మగచీమ ఆయువు వారములు, పనిచీమది నెలలో ఒకటి రెండేండ్లో; ఒకే తల్లి గ్రుడ్లనుండి వచ్చిన జీవులలో ఇంతటి ఆయుర్భేదము జంతులోకమున అరుదు.

జాతినిర్ణయము

పేరు తుదివఱకు తెలియకున్నను పోషణకు కావలసిన భేదము నడుమునుబట్టి చాలవఱకు తెలియును. వక్షమునకును ఉదరమునకును నడుమ ముడి యొకటియా రెండా యని మొదట చూడవలెను. ముడులు రెండైనచో అది గింజలు సేకరించు చీమలు, ఇండ్లలో తిరుగు చిన్నచీమలు, పొట్టను పైకెత్తి నడచు చెట్టుచీమలు, కుట్టినంతనే మంట పుట్టించు చిన్న ఎఱ్ఱచీమ మున్నగువాని వర్గము. ముడి యొకటియై, ఉదరము నునుపుగ సాగి, కొండి లేక ఆమ్లము మాత్రము చిమ్మునదైనచో గండుచీమల వర్గము. ఉదరముపై బంగారువన్నె నూగు గల మధ్యమజాతియు, మామిడియాకులను కలిపి కుట్టి గూడు కట్టు ఎఱ్ఱచీమయు దీనిలోనివే. ఆ కుట్టుచీమ రాణి పచ్చనివన్నె కలిసిన దేహముతో నుండుటచే పనిచీమలను చూచి దానిని పోల్చుకొనజాలము. ముడి యొకటియే యైయుండి, ఉదరపు మొదటి ఖండమునకు పిదప నొక నొక్కు కనబడుచు, కొండి గలదైనచో అది వేటచీమల వర్గము.

మొదటి రెండు వర్గములలో మన ప్రాంతమున దొరకు రాణులు ప్రాయికముగా బద్ధగృహలు: గూడు మూసికొని, తొలి పనిచీమలు పుట్టువఱకు ఏమియు తినవు. మూడవవర్గపు రాణులు పెక్కు వివృతగృహలు: బిలము విడిచి తామే వెలికివచ్చి వేటాడి తెచ్చి పిల్లలకు పెట్టును. ఈ భేదము నెఱిగినవాడు పోషణలో సగము నేర్చినట్లే.

బద్ధగృహల పోషణము

బద్ధగృహయగు రాణి నిరాహారముగ నెలలు గడపుట ఎట్లనగా, ఎగురుటకు సాయపడిన వక్షపుకండరములు ఇక నక్కఱలేనివై కరగి, ఆ ద్రవ్యము ఉదరములోని క్రొవ్వుతో కలిసి గ్రుడ్లుగను, పిల్లల ఆహారముగను మాఱును. ఉబ్బిన ఆ వక్షము ఎగురుటకే గాక భావిసంతతికి ధాన్యపుకొట్టుగను ఉపయోగపడుచున్నది. పిల్లలకు తన నోటిరసమును, ఒక్కొక్కప్పుడు తానే పెట్టిన పొదుగని గ్రుడ్లను తినిపించును. ఈ దశలో పెంచువాడు చేయదగినది చీకటి, తడి, నిశ్శబ్దము సమకూర్చి ఊరకుండుటయే. అది చాలమందికి చేతగాని పని.

ఇందులకు ప్రపంచమంతట వాడుకలోనున్న పరికరము బడి ప్రయోగశాలలోని టెస్టుట్యూబు. 150 మిల్లీమీటర్ల నిడివి, 16 మిల్లీమీటర్ల వ్యాసము గలది గండుచీమకు సరిపోవును. గొట్టములో మూడవవంతు శుభ్రమైన నీరు పోసి, దూదిని ఉండచుట్టి నీటికి తగులునట్టు బిగువుగా నెట్టవలెను. దూది తడిసి, నీరు ఇవతలికి కాఱకుండవలెను. వదులైన దూది వెంబడి నీరు జాఱి రాణి మునిగిపోవుటయు, మితిమీఱి బిగించిన దూది తడి నందింపకుండుటయు రెండును కలవు గనుక, రాణిని వేయుటకు పూర్వము గొట్టమును ఒక రాత్రి పరుండబెట్టి చూచుట మేలు. పిదప రాణిని ప్రవేశపెట్టి, వేఱొక పొడిదూది ఉండతో మూతిని గాలియాడునట్లు మూయవలెను. గొట్టమునకు నల్లకాగితము చుట్టి, కదలని అరలో, వంటింటి పొగకును దోమలమందు వాసనకును దూరముగ పరుండబెట్టవలెను. 24 నుండి 28 డిగ్రీల సెల్సియస్ ఉష్ణము అనుకూలము. హోసూరులో సంవత్సరమందు ఎక్కువభాగము ఇంటిలోపలి వేడిమి దీనికి దరిదాపుననే యుండును. మార్గశిరపు చలిలో మాత్రము రాతిగోడకు, సిమెంటునేలకు ఆనించక, పెట్టెలో పాతగుడ్డల నడుమ నుంచిన చాలును. ఎండలో పెట్టుట ప్రాణాంతకము. గాజుగొట్టము నిమిషములలో కాగును.

పట్టి తెచ్చునపుడును జాగ్రత్త కావలెను. గండుచీమ బెదరినపుడు ఆమ్లమును చిమ్మును. గాలిచొఱని చిన్నసీసాలో వేసి కుదిపినచో తన ఆమ్లపుటావిరికి తానే చచ్చును. తడిపిన దూదిముక్కయు రెండుమూడు రంధ్రములును గల చిన్నడబ్బాయే ప్రయాణమునకు తగినది. ఒకే గొట్టములో ఇద్దఱు రాణుల నుంచుట మంచిది కాదు. కొన్నిజాతులలో వారు కలిసి సంఘము స్థాపించుట సహజమే యైనను, పనిచీమలు పుట్టిన పిమ్మట ఒకరినొకరు చంపుకొనుట తఱచు.

కుదుటబడిన గండుచీమ రాణి కొన్ని దినములలోనే పదికి అటునిటుగా గ్రుడ్లు పెట్టి, వానిని ఒక ముద్దగా నంటించి నోట కఱచుకొని తిరుగును. కాగితము తీసి వెలుతురు పడినంతనే ఆ ముద్దతో తడిదూది మూలకు పరుగిడును. పదేపదే ఇట్లు బెదరించినచో గ్రుడ్లను తినివేయును. వారమునకో రెండు వారములకో ఒక్కమాఱు, ఎఱ్ఱవెలుతురులో చూచుట చాలును. గ్రుడ్లు పొదిగి వచ్చిన డింభకములు పెరిగి తమచుట్టు పట్టుగూళ్ళు అల్లుకొనును. గూటి ఒక కొసను నల్లని చుక్క కనబడును. అది డింభకము అల్లిక ముగించునపుడు విసర్జించిన మలమే గాని బూజు కాదు, దానికి భయపడనక్కఱలేదు. సమయము వచ్చినపుడు తల్లియే దవడలతో గూటికొసను చీల్చి, లోపలి లేత చీమను లాగి, కాళ్ళకు చుట్టుకొన్న పొరలను నాకి విడదీయును. పాలిపోయిన వన్నెతో, నిలకడలేని కాళ్ళతో నున్న ఆ పిల్ల ఒకటి రెండు దినములలో నల్లబడును. గ్రుడ్డునుండి ఈ దశకు ఆఱు వారములనుండి రెండు నెలలు పట్టును. చలికాలమున అంతకు మించును. చిన్న ఎఱ్ఱచీమలవంటివానికి నెల చాలును. వానికి పట్టుగూళ్ళుండవు, లోపలి రూపము తెల్లగా నగ్నముగ కనబడును.

తొలి పనిచీమలు తమజాతిలోకెల్ల చిన్నవి. తల్లి పరిమితద్రవ్యముతో పెంచినవి గనుక మఱుగుజ్జులు. ఇవి పుట్టినది మొదలు ఆహారమీయవలెను. తేనెనో పంచదార నీటినో ఆవగింజంత బొట్టుగ కాగితపు ముక్కపై నుంచుట, ఈగకాలో బొద్దింకపిల్ల ముక్కయో ఉసిలియో చంపి పెట్టుట, మిగిలినదానిని మఱునాడు తీసివైచుట: నిత్యకృత్య మింతే. తీపి పనిచీమలకు శక్తినిచ్చును. మాంసము తల్లి గ్రుడ్లకును పిల్లల పెరుగుదలకును అవసరము. తోటలలో సర్కారుతుమ్మపైని రసముపీల్చు పురుగుల యొద్ద గండుచీమలు తీపిరసము సేకరించుట చూచినవారికి ఈ యభిరుచి వింత కాదు. పురుగులమందు చల్లిన గులాబితోటనుండి తెచ్చిన పురుగును మాత్రము పెట్టరాదు. ఈ ప్రాంతమున సంఘములు హఠాత్తుగ నశించినపుడు మొదట అనుమానింపవలసినది దానినే.

ఇరువది ముప్పది పనిచీమలైన పిదప గొట్టమును ఒక పళ్ళెములో నుంచి మూతి తెఱవవచ్చును. గొట్టము చాలనపుడు అరలు తొలిచిన సుద్దదిమ్మెను అమర్చి, ఒక కొసను తడిపి, రెండవకొసను పొడిగ నుంచినచో, చీమలు గ్రుడ్లకు తగిన చోటును తామే యెంచుకొనును. తప్పించుకొనుటను నివారించుటకు పళ్ళెపుటంచున నూనెయో పౌడరో పూయుదురు. మన యిండ్లలో బీరువాకాళ్ళ క్రింద నీటిగిన్నెలు పెట్టి చీమలను వెలుపల నుంచు పద్ధతియే, పళ్ళెమును నీటితాంబాళములో నిలిపినచో, లోపల నుంచుటకును పనికివచ్చును. బూజు పట్టిన దూదిని చూచి తొందరపడరాదు. క్రొత్త గొట్టమును నోటికి నోరుగ కలిపి, పాతదానిపై కాగితము తీసివేసిన, తమంతట తామే తరలిపోవును.

వేటచీమల పోషణము

పై పద్ధతిని గెంతుచీమకు ప్రయోగించినచో రాణి ఆకలిచే మరణించును. పెద్ద కన్నులు, ముందునకు సాగి పైకి వంగిన పొడవుదవడలు గల ఈ చీమ, బెంగుళూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఆవరణములో శాస్త్రజ్ఞులు గూళ్ళు త్రవ్వి పరిశోధించినది. కొన్ని అంగుళముల దూరము గెంతి సజీవమైన ఆహారమును పట్టును. దీనిలో రాణికిని పనిచీమకును పరిమాణభేదము స్వల్పము. రెక్కల మచ్చలున్న వక్షమే గుఱుతు. సంఘములు చిన్నవి, సాధారణముగ వందలోపు. గూటి అరలను ఖాళీయైన పట్టుగూళ్ళ పేలికలతో గోడలకు పూతగ అంటించుకొనుట దీని విశేషము.

ఈ రాణికి పరుండబెట్టిన గొట్టముకన్న అడుగున తడిసిన ఎఱ్ఱమట్టి రెండు వ్రేళ్ళ మందమున పఱచిన వెడల్పు డబ్బా తగినది. రెండుమూడు దినములకొకమాఱు చిన్న కీచురాయినో మిడుతపిల్లనో సజీవముగ, కాళ్ళు కొంచెము నలిపి, విడువవలెను. తినకుండ మిగిలినచో మఱునాడు తీసివేయవలెను. ఈ జాతి డింభకములకు పట్టుగూడు అల్లుటకు ఊతము కావలెను. మెత్తని మట్టి లేనిచో అల్లజాలక చచ్చును. పోషకుడు దీనిని వ్రేళ్ళతో పట్టరాదు, కుట్టును. తేనెపై దీనికి గండుచీమకున్నంత మక్కువ లేదు.

రాణి చచ్చిన గెంతుచీమ సంఘము వెంటనే అంతరింపదు. పనిచీమలు మీసములతో ఒకదానినొకటి కొట్టుకొనుచు వారముల తరబడి ద్వంద్వములు సాగించి, గెలిచినవి కొన్ని తామే గ్రుడ్లు పెట్టుటకు పూనుకొనును. అట్టి పనిచీమ ఆయువు ఏడు నెలలనుండి నాలుగేండ్లకు పెరుగునని, మెదడు నాలుగవవంతు వఱకు కుంచించునని, తిరిగి పనిచీమగ మార్చినచో మెదడు పూర్వపరిమాణమునకు వచ్చునని 2021లో ప్రకటింపబడిన పరిశోధనవలన తెలియుచున్నది. ముసలితనమునకు కారణములు వెదకువారు ఈ చీమను మిక్కిలి శ్రద్ధతో చూచుచున్నారు. 2010లో చీమల జన్యుక్రమములను మొదటిసారిగ వెల్లడించినపుడు ఎన్నుకొన్న రెండు జాతులలో ఇది యొకటి.

రాణుల వ్యాపారము, చట్టము

ఇటీవల రాణిచీమలకు అంతర్జాతీయముగ వెల యేర్పడినది. 2025 ఏప్రిలులో కెన్యాలో సుమారు 5000 రాణిచీమలను రెండువేలకు పైబడిన దూది గొట్టములలో దాచి విదేశములకు తరలింపబోయిన యువకులు పట్టువడిరి. మఱునెలలో న్యాయస్థానము ఒక్కొక్కరికి పదిలక్షల షిల్లింగుల జుల్మానా విధించెను. అవి ఆఫ్రికా ఖండపు విత్తనచీమల రాణులు. భారతదేశమున 2002 నాటి జీవవైవిధ్యచట్టము ప్రకారము విదేశీయులు ఇచ్చటి జీవసంపదను పరిశోధనకో వ్యాపారమునకో గైకొనుటకు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందుగ పొందవలెను.

దేశములోపల ఒక ప్రాంతపు రాణిని మఱియొక ప్రాంతమున విడుచుటయు మంచిది కాదు. కుట్టి మంట పుట్టించు చిన్న ఎఱ్ఱచీమ అమెరికా ఖండమునుండి మనుష్యుల సరకులతో వచ్చి స్థిరపడినది; దానిని ఇంట పెంచుటయే కూడదు. 2022లో దిండిగల్లు జిల్లాలోని కరందమలై అడవి చేరువనున్న పల్లెలలో పసుపుచీమలు విపరీతముగ పెరిగి పశువులను బాధించిన వార్తలు తమిళనాట తెలిసినవే. పెంచుట సాధ్యము కానపుడు ఒంటిరాణిని పట్టిన చోటనే, సాయంకాలమున, తడినేలపై విడిచిపెట్టవలెను. పనిచీమలు పుట్టిన చిన్నసంఘమైనచో, ఆ యూరిలోనే నీడగల చెట్టుమొదట గొట్టమును పరుండబెట్టి దూదిని సడలించిన, రెండుమూడు దినములలో నేలలోనికి తరలిపోవును. గొట్టమును మఱచిపోక తిరిగి తీసికొనవలెను.